వాపు ఇంకా దిగలేదు

సెప్టెంబర్ 12

తమ్ముడు తమోత్సుకు,

ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి కగోషిమలో గాలి చల్లబడుతుందేమో. ఇక్కడ దీవిలో ఇంకా ఉక్కపోతే. మొన్నటి తుఫానుకి చెరకంతా ఒక పక్కకి పడుకుంది. అమ్మ ఇంటి కప్పు మీద రెండు రేకులు లేచిపోతే నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. మేకులు కొట్టి, పైన రాళ్ళు పెట్టి దిగాను. ఖాళీ ఇల్లే, కానీ అమ్మ మరియ తల్లి బొమ్మ ముందు మోకరించిన గది తడవడం నాకు ఇష్టం లేకపోయింది.

నీకు రెండేళ్ళ జైలు శిక్ష పడి రెండు నెలలు దాటింది. నేను రాయడం ఇదే మొదలు. కోర్టులో నీ వెనక బెంచీ మీద కూర్చుని, నీ మెడ మీద కత్తిరించిన జుట్టు అంచు చూస్తూ ఉండిపోయాను. జడ్జిగారు పిలిచి అడిగినప్పుడు, పందెంలో ఎద్దు ఓడిపోయిన బాధలో బావా బావమరిదీ తాగి కొట్టుకున్నారని చెప్పాను. అంతకుముందు నువ్వూ అదే చెప్పావు. అందులో చేరని మాట ఒకటుందని మనిద్దరికీ తెలుసు. అక్కడ ఉత్తరాలన్నీ అధికారులు చదువుతారట, కాబట్టి ఇంతకన్నా రాయను.

మీ బావ సంగతి అడుగుతావని నేనే చెబుతున్నాను. ఎడమ పక్క నాలుగు ఎముకలు విరిగాయని, హెలికాప్టర్‌లో తీసుకెళ్ళి ఆపరేషన్ చేశారని నీకు తెలిసిందే. ఒక్కో ఎముక మీదా లోహపు పట్టీ పెట్టి స్క్రూలు బిగించారు. అవి ఇక జన్మంతా లోపలే ఉంటాయి. మొదట్లో చంక కింద చిలగడదుంప పెట్టి కుట్టేసినట్టు వాపు ఉండేది. పడుకోలేక, పరుపులు మడిచి వీపుకి ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవారు. ఆగస్టులో ఎక్స్‌రే ఫోటో తీసి, ఎముకలు చక్కగా అతుక్కున్నాయని డాక్టరుగారు అన్నారు. వాపు కూడా దిగింది. వాన పట్టే ముందు సలుపు, మచ్చ కింద మొద్దుబారడం ఇంకొన్ని నెలలు ఉండవచ్చట. రోజూ సాయంత్రం స్నానమయ్యాక ఛాతీకి బెల్టులాంటి వెడల్పాటి పట్టీ నేనే కడతాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి నిలబడతారు. నేను పొట్టిదాన్ని కదా, వంగకుండానే ఆ చంక కిందికి సరిపోతాను.

మన ఎద్దు హయాతె బాగా తింటోంది. దాని మెడ మీది గాయం కూడా మానింది. అక్టోబర్ పందేనికి మళ్ళీ దింపుతారట.

రోజూ నీ పేరు మీద ఒక జపమాల చెబుతున్నాను. అన్నం మానకు.

నీ అక్క,
ఫుసాయె


అక్టోబర్ 1

అక్కకు,

ఇక్కడ నన్ను నంబరు పెట్టి పిలుస్తారు. మన దగ్గర ఎద్దుకైనా పేరుంటుంది. నా పేరుతో మొదలైన ఉత్తరం కాబట్టి మూడుసార్లు చదివాను.

పని కుర్చీలు తయారుచేసే దగ్గర. పొద్దుట్నుంచి కాళ్ళకి చిత్రిక పడుతూ ఉంటాను. తిండి బార్లీ కలిపిన అన్నం, పలచటి పులుసు. మా గదిలో ఒక ముసలాయన ఉన్నాడు, దొంగతనం ఆయన వృత్తి. నేను దీవి వాణ్ణని తెలిసి, "ఓహో, మీ ఊళ్ళో ఎద్దులు చాలక మనుషులు కూడా పొడుచుకుంటారా" అన్నాడు. అందరం నవ్వాం. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

అధికారులు చదివితే చదవనీ. కోర్టులో చెప్పని మాట ఇప్పుడు చెబితే సాకు అంటారు, అంతేగా. మే నాలుగున హయాతె బరిలో వెనుదిరిగి పరిగెత్తినప్పుడే నేను బావ ముఖం చూశాను. సాయంత్రం కొట్టం తలుపు తోసేసరికి నువ్వు గాడి కింద ముడుచుకుని ఉన్నావు. ఆయన చేతిలో పగ్గం. తడి పగ్గం. నీ చెవి సగం చీలి వేలాడుతోంది. ఎద్దు కళ్ళు తెల్లగా తిప్పి గోడకి నక్కింది. నా కాళ్ళకి పనికి వేసుకునే ఇనుప ముక్కు బూట్లు. మొదటి తన్ను వీపు మీద జారిపోయింది. రెండోది పక్కలో దిగింది. ఎండిన చెరకు మీద కాలేస్తే వచ్చే చప్పుడు, నాలుగు గడలు ఒక్కసారి. బావ మోకాళ్ళ మీద కూలి, నోట్లోంచి ఎర్రటి నురగ కక్కాడు. అప్పుడు కూడా నాకు ఇంకొకటి తన్నాలనిపించింది. తన్నలేదనే అనుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను.

పగ్గం మాట బయటపెట్టొద్దని నువ్వే కదా కళ్ళతో చెప్పావు. ఊళ్ళో బావ తలదించుకోవడం నీకు ఇష్టం లేదు. సరే. కానీ నేను ఆపడానికి వచ్చాను, చంపడానికి కాదు. ఆ ఒక్క ముక్క ఆయనకి వీలు చూసి చెప్పు.

చిత్రిక కింద చెక్క చిట్లినా ఆ చప్పుడే గుర్తొస్తోంది. వాపు దిగిందన్నావు, అది చదివాక రెండు పూటలు బాగా తిన్నాను.

నంబరు కాని నీ తమ్ముడు,
తమోత్సు


నవంబర్ 3

తమ్ముడికి,

చనిపోయిన వాళ్ళందరి కోసం ఇవాళ చర్చిలో పూజ చేయించి వచ్చి రాస్తున్నాను. అమ్మ సమాధి మీద గడ్డి పీకి, రెండు పువ్వులు పెట్టాను. నువ్వు చలికి తట్టుకోలేవని అమ్మ ఎప్పుడూ అనేది. ఉన్ని చొక్కా పంపాను, లోపలికి ఇచ్చారో లేదో రాయి.

అక్టోబర్ పందెం జరిగింది. మీ బావ పెద్దగా కేక పెడితే పక్క లాగుతుందని తను బరిలోకి దిగకుండా, ఎద్దును ఉసిగొల్పడానికి పక్క ఊరి మనిషిని పెట్టారు. ఎదుటిది నల్ల ఎద్దు, ముందుకి వంగిన కొమ్ములు. మొదటి పావుగంట తలా తలా ఆనించి నెట్టుకున్నాయి. అప్పుడు ఆ నల్లదానికి హయాతె మెడ మీది పాత మచ్చ కనిపించింది. ఇక అది ఇంకెక్కడా పొడవలేదు. రెండడుగులు వెనక్కి తగ్గడం, ఆ మచ్చలోనే కొమ్ము దించడం, దించి తిప్పడం. చర్మం తెరుచుకుని లోపలి తెల్లటి కొవ్వు బయటికొచ్చింది. మా బెంచీ దాకా రక్తం చిందింది. ఇదివరకు ఇలాంటప్పుడు కళ్ళు మూసుకుని జపం చెప్పుకునేదాన్ని. ఈసారి జపమాల చేతిలోనే ఉంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు.

హయాతె పారిపోయింది. మన బరి లెక్క నీకు తెలుసు కదా, పాత గాయం తెరుచుకుని ఎద్దు ఓడితే, ఆ గాయం మొదట చేసిన ఎద్దుకి కూడా గెలుపులో వాటా. ఎన్నాళ్ళకి తెరుచుకున్నా గాయం మొదటి కొమ్ముదే. అందుకని నల్ల ఎద్దు వాళ్ళతో పాటు, మే నెలలో మనల్ని ఓడించిన వాళ్ళు కూడా చెరకు సారా సీసాలు పట్టుకుని బరిలో ఎగిరారు. మీ బావ అది చూస్తూ నిలబడ్డారు.

కొట్టానికి వచ్చాక గాడి దగ్గర ఆయన పక్కకి దెబ్బ తగిలింది. వాపు మళ్ళీ వచ్చింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. డాక్టరుగారు ఫోటో తీసి ఒక స్క్రూ కాస్త కదిలిందన్నారు. బరువెత్తారా, పడ్డారా అని అడిగారు. ఎద్దు నెట్టిందని మీ బావ చెప్పారు. నేను పక్కనే కూర్చున్నాను.

నా చెవి మానింది. జుట్టు కిందికి దువ్వుకుంటే తెలియదు.

ప్రభువు నిన్ను కాపాడుగాక.
ఫుసాయె


డిసెంబర్ 6

అక్కకు,

ఉన్ని చొక్కా ఇచ్చారు. ముసలాయన దాన్ని చూసి, "అక్క ఉన్నవాడికి జైలెందుకురా, ఇల్లుండగా" అన్నాడు. ఆయనకి ఎవరూ రాయరు. నీ ఉత్తరాల్లో తుఫాను సంగతులు, చెరకు సంగతులు చదివి వినిపిస్తాను. మిగతావి చదవను.

ఎద్దు నెట్టిందని బావ అంటాడు, గాడి తగిలిందని నువ్వంటావు. ఏదైతే ఏమిటి? మంచి పక్క అయితే గాడి తగిలినా రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నేను తన్నిన పక్క కాబట్టే మళ్ళీ వాచింది. బరిలో పుట్టి పెరిగిన వాళ్ళం, ఈ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి కొమ్ము నాది.

పెద్ద అధికారి పిలిపించారు. మంచి నడవడి ఉంటే శిక్షలో మూడో వంతు దాటాక ముందుగా వదిలే వీలుందట. దానికి రెండు కావాలి. చేసిన దానికి నిజంగా పశ్చాత్తాపం ఉండాలి, బయట పూచీపడి ఇంట్లో పెట్టుకునే మనిషి ఉండాలి. మీకెవరున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాను. ఉన్న ఒక్క అక్కా నేను తన్నినవాడి ఇంట్లో ఉంది, నన్నెక్కడ పెడుతుంది?

అయినా ఆయన పక్క ఆరని పుండులా ఉంటే నేను ముందుగా బయటికి వచ్చి ఏ ముఖంతో తిరగను? వాపు దిగిందని నువ్వు రాసిన రోజు ఆలోచిస్తాను. అప్పటిదాకా ఇక్కడే.

క్రిస్మస్‌కి మాకు చిన్న కేకు ముక్క ఇస్తారట. నాది ముసలాయనకి ఇచ్చేస్తానని ముందే చెప్పాను.

తమోత్సు


జనవరి 10

తమ్ముడికి,

కొత్త సంవత్సరం నీకు మేలు చేయాలి. నీ మొండితనాన్ని మిరపకాయంతైనా తగ్గించాలి.

వాపు దిగిందని రాయమన్నావు. అబద్ధం రాయలేను. ఇంకా దిగలేదు. సాయంత్రానికి కోడిగుడ్డంత లేస్తుంది, పొద్దుటికి కాస్త తగ్గుతుంది. కానీ దాన్ని నీ లెక్కలో వేసుకోవద్దు. ఎందుకని అడగకు. పెద్దదాన్ని చెబుతున్నాను, విను.

ఇజుమి మాస్టారు వచ్చారు. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పి, చెవి మెలిపెట్టిన మాస్టారే. జైలు నుంచి ముందుగా వచ్చేవాళ్ళ బాగోగులు చూసే బాధ్యత మన ఊళ్ళో ఆయనది. నువ్వు పూచీ వద్దన్నావని విని బాధపడ్డారు. మీ బావ ఇంట్లో లేనప్పుడు, అమ్మ ఇల్లు ఖాళీగానే ఉంది కదా, నువ్వక్కడ ఉంటే ఎలా ఉంటుందని నెమ్మదిగా అడిగారు. నిన్ను ఒక్కణ్ణే ఉంచడం కుదరదట, పూచీపడ్డ మనిషి కూడా అదే కప్పు కింద ఉండాలట. ఆలోచించుకుంటానన్నాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మీ బావ గొంతు పెంచి నెల దాటింది. సారా కూడా తగ్గించారు. భోజనానికి ఎప్పుడూ కూర్చునే చోటు మార్చి, ఎడమ పక్క గోడకి ఆనేలా కూర్చుంటున్నారు. చెంచా జారిపడితే ఉలిక్కిపడతారు. వడ్డిస్తున్నంతసేపూ నా చేతుల వైపే చూస్తారు.

పూజలో ఇచ్చే సత్ప్రసాదపు అప్పం నేను తీసుకోవడం లేదని ఫాదర్ గమనించారు. పంటి నొప్పి అన్నాను. దానికీ సమాధానం చెప్పుకోవాలి.

నీ అక్క


ఫిబ్రవరి 16

అక్కకు,

నువ్వు దాస్తున్నావు. బావ సంగతి నువ్వు రాసినదానికన్నా బాగా లేదు. గోడకి ఆనుకుంటే తప్ప కూర్చోలేని మనిషి, గొంతు పెంచలేని మనిషి, చెంచా చప్పుడుకి ఉలిక్కిపడే మనిషి. బరిలో కేక పెడితే కొండ అవతలికి వినపడేది ఆయన గొంతు. దాన్ని నేను తీసేశాను. ఆయన నిన్ను కొట్టాడు, నిజం. కానీ ఇది కొట్టడం కాదు అక్కా, బతికుండగానే మనిషిని తినెయ్యడం.

పోయిన నెల ఆయనకి క్షమాపణ రాశాను. జవాబు వచ్చింది. నాలుగే ముక్కలు. "సాయంత్రమైతే పక్క వాచి ఊపిరాడదు. ఇది నీ కాలు పెట్టిన చిచ్చు. మిగిలిన రోజులన్నీ అనుభవించి రా. ఇంటి గడప మాత్రం తొక్కకు." ఇంకేం కావాలి?

నువ్వు సత్ప్రసాదం మానేసింది కూడా నా కోసమే. అమ్మ పోయాక అమ్మవి నువ్వే కాబట్టి నా పాపం నువ్వు మోస్తున్నావు. మోయకు.

ఒక సంగతి నువ్వు తర్వాత ఎలాగూ వింటావు. పోయిన వారం పని దగ్గర, చెక్క బిగించే బల్ల మూలకి నా ఎడమ పక్క వేసి గుద్దుకున్నాను. నాలుగుసార్లు. ఆయనకి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. ఒక ఎముక చిట్లింది. అధికారులకి కూడా ఇదే చెప్పాను. ఐదు రోజులు ఒంటరి గదిలో పెట్టారు. దగ్గినప్పుడు కత్తి తిప్పినట్టుంది. ఒక్క ఎముకకే ఇలా ఉంటే!

ఏప్రిల్‌లో విడుదల విషయం చూసే వాళ్ళు వస్తున్నారు. నాకు వద్దని కాగితం మీద రాసి వేలిముద్ర వేశాను. మార్చి నెలాఖరులోగా మనసు మార్చుకోవచ్చన్నారు. మార్చుకోను.

తమోత్సు


మార్చి 8

తమోత్సూ,

ఈ ఉత్తరం ముందుగా చదివే అధికారిగారికి నమస్కారం. దయచేసి ఇందులో ఒక్క గీత కూడా కొట్టెయ్యకుండా నా తమ్ముడికి ఇవ్వండి.

ఆ వాపు నీది కాదు. నాది.

నీ తన్నుకి విరిగిన ఎముకలు ఆగస్టుకే అతుక్కున్నాయి. ఫోటో నేను చూశాను. నాలుగు పట్టీలూ, వాటి కింద నాలుగు తెల్లటి గీతలూ. వాపు దిగింది. నీ లెక్క అక్కడితో అయిపోయింది.

అక్టోబర్ పందెం నాటి సాయంత్రం ఆయన నన్ను కొట్టంలోకి పిలిచి తలుపు వేశారు. ఈసారి రావడానికి నువ్వు లేవు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తారు. రోజూ పట్టీ కట్టేటప్పుడు ఎత్తే చెయ్యే. నేను గాడికి ఆనుకుని ఉన్నాను, ఆ పక్క అంతా నా ముందు తెరిచి ఉంది. ఎక్కడ ఏ స్క్రూ ఉందో నా వేళ్ళకి తెలుసు. నల్ల ఎద్దు గుర్తొచ్చింది. మోచేయి అక్కడ దించాను. దించి, తిప్పాను.

ఆయన నోట్లోంచి గాలి వచ్చింది గాని మాట రాలేదు. గడ్డిలో కూర్చుండిపోయారు. నేను పగ్గం తీసి మేకుకి తగిలించి, స్నానానికి నీళ్ళు కాచాను.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. నా దవడ, ఈ రెండు వేళ్ళు, కడుపులోనే పోయిన నాలుగు నెలల బిడ్డ. ఇన్నాళ్ళలో నేను ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదు. ఆ రోజు ఎత్తింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. నవంబర్‌లో మరుగుతున్న పులుసు గిన్నె విసిరారు, అప్పుడు రెండోసారి. డిసెంబర్ మొదట్లో జుట్టు పట్టుకోబోయారు, అప్పుడు మూడోసారి. ఆ తర్వాత ఆయన చెయ్యి ఎత్తడం మానేశారు.

నేను మానలేదు.

పట్టీ కట్టేటప్పుడు ఒక రంధ్రం ఎక్కువ బిగించేదాన్ని. ఆయన పెదవి కొరుక్కునేవారు. పక్కనుంచి నడుస్తూ మోచేయి ఆనించేదాన్ని. డాక్టరుగారు ఎన్నిసార్లు అడిగినా ఆయన ఎద్దు నెట్టిందనే చెప్పారు. తన చంక కిందికి వచ్చే పెళ్ళాం తనని ఇలా చేస్తోందని బరి మనిషి ఎవరితో చెప్పుకుంటారు? నీకు రాసిన ఉత్తరంలో కూడా ఆ నింద నీ కాలి మీద వేశారు. అది వేయడం సులువు. మనవాళ్ళంతా నమ్మే లెక్క అది.

జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగ నాడు మధ్యాహ్నం భోజనం చేస్తున్నాం. ఆయన ఉప్పు అందుకోమన్నారు. అంతే. గొంతులో కోపం లేదు, చెయ్యి ఒళ్ళోనే ఉంది. నేను ఉప్పు గిన్నె తీసుకుని, ఆయన మీదుగా వంగి, గోడకీ ఆయనకీ మధ్య మోచేయి పెట్టి, నా బరువంతా మోపాను. ఆయన అరవలేదు. చెమట పట్టింది. చాలా నెమ్మదిగా, "ఫుసాయె, ఉప్పే కదా అడిగాను" అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు తమ్ముడూ. ఇరవై ఆరేళ్ళు అది నా గొంతు.

ఆ తర్వాత నాలుగు రోజులకే, ఇల్లు నిశ్శబ్దంగా ఉందని నీకు రాశాను. నువ్వు ఆయన మీద జాలిపడ్డావు. ఆ జాలి కింద నేను దాక్కున్నాను. అప్పుడు నీ ఎముక సంగతి వచ్చింది. నాలుగుసార్లు అని రాశావు. ఆ కాగితం పట్టుకునే చర్చికి వెళ్ళి పాపసంకీర్తనం చేశాను, చేసిందంతా ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను. నీ ప్రాణం కాపాడుకోవడం వేరు, ఉప్పు సంగతి వేరు అన్నారు. ఆ పాపాన్ని తనదనుకుని ఇంకొకడు ఒళ్ళు విరగ్గొట్టుకుంటుంటే, ఊరికే జపాలు చెప్పి లాభం లేదు, ముందు వెళ్ళి అతనికి రాయమ్మా అన్నారు.

మొదటి కొమ్ము లెక్క ఎద్దులకి పెట్టుకున్నది. ఎద్దు వచ్చి నేను పొడిచానని ఒప్పుకోలేదు కాబట్టి పెట్టుకున్నది. నేను ఒప్పుకోగలను.

ఇవాళ పొద్దున బట్టలు, జపమాల, బియ్యం సంచి తోపుడు బండిలో వేసుకుని అమ్మ ఇంటికి వచ్చేశాను. మీ బావ గుమ్మంలో నిలబడి చూశారు, ఆపలేదు. పూచీ కాగితం మీద సంతకం చేసి ఇజుమి మాస్టారికి ఇచ్చాను. కోర్టులో దాచిన పగ్గం మాట కూడా చెప్పి, చెవి చూపించాను. ఆయన రాసుకున్నారు. రేపు పోలీసు స్టేషన్‌కి వెళ్ళి నా సంగతి చెబుతాను.

కాగితం మార్చి రాయి. మార్చి నెలాఖరు దాటనివ్వకు.

ఫుసాయె


ఏప్రిల్ 5

అక్కకు,

నీ ఉత్తరం అధికారి తనే తెచ్చాడు. నేను చదివేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు. చదివాక, కొత్త కాగితం కావాలా అని అడిగాడు. కావాలన్నాను. ఆయన జేబులోనే ఉంది.

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే, ఏ మనిషిగా రాయాలో తేలలేదు. ముందు నవ్వాను. నువ్వు! దోమని కొట్టాక కూడా దేవుడికి క్షమాపణ చెప్పుకునేదానివి. "దించి, తిప్పాను" అన్న చోట, నిజం చెబుతున్నా, నాకు సంతోషం వేసింది. ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత ఉప్పు దగ్గరికి వచ్చాను. అక్కడ భయం వేసింది. నా జన్మలో నిన్ను చూసి భయపడటం అదే మొదలు.

ఆ తర్వాత కోపం. నవంబర్ నుంచి నేను అన్నం ముందు కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. నీకు తెలుసు. తెలిసి పువ్వుల గురించీ ఉన్ని చొక్కా గురించీ రాశావు. నా చిట్లిన ఎముక ఎవరి లెక్కలో వెయ్యమంటావు అక్కా?

ఈ ప్రశ్న రాసి వారం పక్కన పెట్టాను. ఇప్పుడు జవాబు కూడా రాస్తున్నాను. బల్లకేసి గుద్దుకున్నది నేను. అది నాదే. నువ్వన్నట్టు, ఒప్పుకోగలవాడికి మొదటి కొమ్ము అక్కర్లేదు.

మొన్న విడుదల విషయం చూసేవాళ్ళు ముగ్గురు వచ్చారు. పశ్చాత్తాపం ఉందా అన్నారు. రెండు తన్నులకి ఉంది, మూడోది తన్నలేదని ఇప్పుడు నమ్ముతున్నాను అన్నాను. పూచీ ఎవరు అన్నారు. మా అక్క అన్నాను. ఆమె ఎలాంటి మనిషి అని అడిగారు. నిజం చెప్పే మనిషి, కాస్త ఆలస్యంగా, అన్నాను. ఒకాయన నవ్వాడు.

నీ మీద కేసు పెట్టారా? అది రాయలేదు.

తమోత్సు


మే 18

తమ్ముడికి,

ఇజుమి మాస్టారు ఇప్పుడే వచ్చి వెళ్ళారు. జూన్ మూడున వదులుతారట. ఓడ దిగే చోట ఆయనా నేనూ ఉంటాం. ముసలాయనకి నల్లబెల్లం పంపాను. నియమాలు ఒప్పుకోవని తిప్పి పంపితే నువ్వు వచ్చాక మనమే తిందాం.

కేసు లేదు. స్టేషన్‌లో ఉన్న కుర్ర పోలీసు అబ్బాయి నేను చెప్పిందంతా రాసుకుని, మీ బావని పిలిపించాడు. మీ బావ నా వైపు చూడకుండా, అంతా అబద్ధం, ఎద్దే నెట్టిందన్నారు. అబ్బాయి నా ఎత్తు చూసి, ఆయన ఎత్తు చూసి, నవ్వు ఆపుకోలేక టీ తెస్తానని లోపలికి పోయాడు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. అమ్మా, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో అన్నాడు. అడిగి మరీ శిక్ష తెచ్చుకోవడానికి కూడా అర్హత ఉండాలి కాబోలు.

పోయిన వారం ఆసుపత్రిలో మీ బావ కనిపించారు. నేను చెవి చూపించుకోవడానికి వెళ్ళాను. బెంచీ మీద మధ్యలో ఒక చోటు వదిలి కూర్చున్నాం. నేను వచ్చేసిన మూడో వారానికే వాపు దిగిపోయిందట. ఛాతీ పట్టీ తీసేసి చేత్తో పట్టుకుని ఉన్నారు. ఉప్పు సంగతికి క్షమించమన్నాను. నేల చూస్తూ, "సరేలే, బరి దగ్గర మాత్రం అనకు" అన్నారు. పగ్గం సంగతికి ఆయన క్షమాపణ అడగలేదు. నేనూ ఎదురుచూడలేదు. హయాతెని అమ్మలేదట. ఇద్దరూ పొద్దున సముద్రపు ఒడ్డున నడుస్తారట, పందేనికి కాదు, ఊరికే.

ఈస్టర్‌కి సత్ప్రసాదం తీసుకున్నాను.

నీ గది తూర్పు వైపుది. అమ్మ గది. కొత్త చాప వేయించాను, కప్పు రేకులు మార్పించాను. తలుపుకి గడియ కూడా పెట్టించాను. వడ్రంగి, జైలు నుంచి వచ్చేవాడి గదికి లోపల గడియేమిటి, పెడితే బయట పెట్టాలి గాని అని ఎగతాళి చేశాడు. లోపలే పెట్టమన్నాను. నీ చేతికి అందే ఎత్తులో పెట్టాడు, అతన్ని లోపల గడియ వేసుకోమని నేను బయటినుంచి తోసి చూశాను, రాలేదు. గట్టిది.

వేసుకుని పడుకో. నేను ఏమీ అనుకోను.

నీ అక్క,
ఫుసాయె